గురువారం తీసేయాల్సిన అండాశయం

సోమవారం ఉదయం ఏడుంబావుకు ఆసుపత్రి లాండ్రీలో రెండో ఇస్త్రీ యంత్రం ఆగిపోయింది. తడి దుప్పటి ఒకటి వంకరగా లోపలికి వెళ్లి రోలర్ల మధ్య ఉండచుట్టుకుంది. దుప్పటి పెడుతున్న ఇద్దరిలో ఒకామె దాన్ని వెనక్కి లాగబోయింది. ఆమె కుడి మణికట్టు వేడి రోలరుకు తగిలి కాలింది.

ఆమెకు ముప్పై ఒకటో ఏడు. ఏడేళ్లుగా ఆ యంత్రం దగ్గరే పనిచేస్తోంది. ఆమె చేతిమీదుగా వెళ్లిన దుప్పటి వంకరపోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

ఎప్పుడూ ఆమె పక్కన నిలబడే మనిషి ఆ రోజు రాలేదు. ఆ మనిషి ఆమె భర్తకు అక్క. లాండ్రీలో ఇద్దరినీ పేర్లతో పిలిచేవాళ్లు లేరు. పెద్దామె అందరికీ వదిన, చిన్నామె అందరికీ మరదలు. వదిన పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టింది. ఆమె స్థానంలో మడతల బల్ల దగ్గర పనిచేసే ఆవిడను నిలబెట్టారు. నోరు మూతపడదు కనుక ఆవిడకు రేడియో అని పేరు.

దుప్పటి పెట్టడం ఇద్దరి పని. తడి గుడ్డల బండి ఇద్దరి వెనకా ఉంటుంది. ఒకరు దుప్పటి లాగి, కొస వెతికి, పక్కకు చాపుతారు. రెండోవారు ఆ కొస అందుకుని అవతలికి జరుగుతారు. దుప్పటి విచ్చుకుంటుంది. ఇద్దరూ ఒక్కసారే దాని అంచును యంత్రం ముందు తిరిగే పట్టీ మీద వేస్తారు. పట్టీ దాన్ని రోలర్ల కిందికి తీసుకుపోతుంది. పట్టీ ఆగదు. అందుకని చూపు పట్టీ మీదే ఉంచాలి, కొసను ఓరకంట చూసి అందుకోవాలి. పనిలో చేరినవారికి మొదట నేర్పేది ఇదే.

“కొస చాపుకుని బొమ్మలా నిలబడ్డాను. ఆవిడ నా వంక చూడనైనా చూడలేదు,” అంది రేడియో.

“నువ్వివ్వలేదు,” అంది మరదలు. కాలిన చేతిని కుళాయి కింద పెట్టుకుని ఉంది.

“ఇచ్చాను.”

“ఎక్కడిచ్చావు?”

“ఇక్కడ, నీ మోచేతి పక్కన. పళ్లెంలో పెట్టి ఇవ్వాలా? మీ వదిన ఇస్తేనే కొస, మేమిస్తే గుడ్డపేలికా?”

సూపర్వైజరు ఇద్దర్నీ ఆపాడు. యంత్రం దగ్గర ఎవరికి దెబ్బ తగిలినా మర్నాడు అదే పనిని నెమ్మదిగా మళ్లీ చేయించి చూడాలన్నది ఆ లాండ్రీలో నియమం. మర్నాడు వదిన వస్తుంది కనుక రోజూ పనిచేసే జతనే నిలబెట్టి చూస్తానని చెప్పాడు. మరదలిని కట్టు కట్టించుకోమని పంపించాడు.

“ఎలాగూ గురువారం నుంచి సెలవే కదమ్మా,” అన్నాడు.

గురువారం ఆమెకు ఆపరేషన్. అదే ఆసుపత్రిలో, మూడో అంతస్తులో. ఆమెకు మిగిలిన ఒక్క అండాశయాన్ని తీసేస్తారు.

ఎడమది రెండేళ్ల కిందట తీశారు. అప్పుడది బత్తాయంత పెరిగింది. లోపలంతా నీటి బుడగలు. క్యాన్సర్ కాదని పరీక్షలో తేలింది. గండం గడిచిందనుకున్నారు. ఏడాది తిరక్కుండా కుడిది పెరగడం మొదలుపెట్టింది. ఒకసారి సూదితో నీరు లాగేశారు. మళ్లీ నిండింది. ఇప్పుడది పదకొండు సెంటీమీటర్లు. అండాశయం తయారుచేసే ఈస్ట్రోజన్ అనే హార్మోను రక్తంలో ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది. దాన్ని తయారుచేసే గడ్డ అండాశయంలోనే దాక్కుని ఉండవచ్చని స్త్రీల డాక్టరు అనుమానించారు. గడ్డ కాకపోయినా, అంత బరువుతో అండాశయం మెలితిరిగితే ప్రాణం మీదికి వస్తుందని చెప్పారు. తీసేస్తే తన అండంతో బిడ్డ పుట్టే దారి మూసుకుపోతుందనీ చెప్పారు. మరదలికి పెళ్లయి ఆరేళ్లు. పిల్లల్లేరు. ఆమె సంతకం చేసింది.

ఆ పెళ్లి కుదిర్చింది వదినే. కొత్తగా చేరిన అమ్మాయి చేతి వేగం చూసి, ఏడాది తిరిగేసరికి తమ్ముడికి అడిగింది. యంత్రానికి జత వెతుక్కుంటే తమ్ముడికి పెళ్లయిందని లాండ్రీలో ఇప్పటికీ అంటారు.

పొట్ట ఎత్తుగా కనిపిస్తుంది కనుక వార్డుల్లోంచి గుడ్డలు తెచ్చి ఇచ్చే ఆయాలు ఎన్నో నెల అని అడిగేవారు. మొదట్లో మరదలు చెప్పేది కాదు. తర్వాత, “పద్దెనిమిదో నెల. బయటికి రావడానికి బద్ధకిస్తోంది,” అనడం నేర్చుకుంది.

వదిన పై అంతస్తులో, తమ్ముడూ మరదలూ కింది అంతస్తులో ఉంటారు. సోమవారం సాయంత్రం వదిన వాచిన బుగ్గ పట్టుకుని కిందికి వచ్చింది. తమ్ముడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పనిముట్ల సంచి తలుపు వెనక పెడుతున్నాడు. మరదలు వంటగదిలోంచి వస్తూ భుజాన్ని ద్వారబంధానికి కొట్టుకుంది.

“ఇంటి యజమానితో చెప్పి గుమ్మం వెడల్పు చేయిస్తాలే,” అన్నాడు తమ్ముడు.

“పొట్ట పెరిగింది, గుమ్మం పెరగలేదు. నేనేం చేయను?” అంది మరదలు.

కొన్ని నెలలుగా ఆమె అన్నింటికీ తగులుతోంది. బల్లల మూలలకు, మెట్ల కమ్మీలకు, వీధిలో మనుషులకు. ఒళ్లు బరువెక్కింది కనుక అలాగే ఉంటుందని ఇంట్లో అందరూ అనుకున్నారు. తగిలేది పొట్ట కాదు, భుజమని ఎవరూ ఆలోచించలేదు. తలనొప్పి కూడా ఉంది. అది లాండ్రీ వేడి అనుకున్నారు.

“అసలేమైందే?” అంది వదిన. సగం నోటితో మాట్లాడుతోంది.

“రేడియో కొస ఇవ్వలేదు వదినా.”

“అదెక్కడిస్తుంది. నోరు కదిలితే దానికి చేతులు ఆగిపోతాయి.”

“కాలిన చేత్తో ఆపరేషన్ చేస్తారంటావా అక్కా?” అన్నాడు తమ్ముడు.

“చేతికి కాదుగా చేసేది.”

మరదలు చేతి కట్టు అంచు సరిచేసుకుంది. తర్వాత తమ్ముడు, “తీసేయనీ. నాకు నువ్వుంటే చాలు,” అన్నాడు.

“నాకు చాలదు,” అంది మరదలు. ఆ మాట ఆమె ఇంట్లో అనడం అదే మొదలు. వదిన వాచిన బుగ్గను ఇంకో చేత్తో పట్టుకుంది.

మంగళవారం ఉదయం సూపర్వైజరు రెండో యంత్రానికి వేడి ఆపించి, పట్టీని నెమ్మదిగా తిప్పించాడు. వదినను కుడివైపు, మరదలిని ఎడమవైపు నిలబెట్టాడు. తాను యంత్రానికి అవతలి పక్కకు వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు. రేడియో మడతల బల్ల దగ్గర నుంచి, “ఇప్పుడు చూడండి, తాళం వేసినట్టు పడుతుంది. మాకైతేనే గ్రహచారం,” అంటోంది.

మొదటి దుప్పటి నిటారుగా వెళ్లింది. రెండోదీ వెళ్లింది. మూడోదానికి సూపర్వైజరు పట్టీ ఆపించాడు.

“వదినా, ఆమె చేతిని ఎందుకు ముట్టుకుంటున్నావు?”

“నేనా? ముట్టుకోలేదే.”

“ముట్టుకున్నావు. మళ్లీ చెయ్యి.”

వదిన మళ్లీ చేసింది. ఈసారి తన చేతినే చూసుకుంది. కొస దొరకగానే వేళ్ల కణుపులు వెళ్లి మరదలి మణికట్టును తట్టాయి. తర్వాత కొస పక్కనుంచి కాకుండా మరదలి ఛాతీ ముందుకు వెళ్లింది. మరదలు అందుకుంది.

“ఎప్పట్నుంచి ఇలా ఇస్తున్నావు?”

“ఏమో,” అంది వదిన. “నేనెప్పుడూ ఇలాగే ఇస్తాననుకున్నాను.”

“అలా చేస్తే నీ చెయ్యి పట్టీ మీదికి వస్తుంది. రేపు నువ్వు కాల్చుకుంటావు. నేర్పినట్టుగా పక్కకు చాపు. ముట్టుకోవద్దు.”

వదిన దుప్పటి లాగింది. కొస వెతికింది. పక్కకు చాపింది. మరదలు చూపు పట్టీ మీద ఉంచి, అరచెయ్యి తెరిచి ఎదురుచూస్తోంది. కొస ఆమె చేతికి జానెడు దూరంలో ఉంది. దాని నుంచి నీళ్లు నేల మీద పడుతున్నాయి.

“ఇవ్వండి వదినా,” అంది మరదలు.

వదిన కదల్లేదు.

“వదినా, పంటితోపాటు ప్రాణం కూడా పీకేశారా మీకు? కొస.”

“చాపే ఉన్నాను,” అంది వదిన.

మరదలు తల తిప్పింది. కొసను చూసింది. “ఇప్పుడు చాపారు,” అంది.

“ముందుకు చూడు. పట్టీనే చూడు.” వదిన కొసను మళ్లీ పక్కన ఉంచి, అంగుళం అంగుళం ముందుకు తెచ్చింది. దాదాపు మరదలి ముక్కుకు ఎదురుగా వచ్చాక చెయ్యి కదిలి దాన్ని పట్టుకుంది. వదిన అవతలి పక్కకు వెళ్లింది. ఎడమవైపు నుంచి అదే పని చేసింది. అక్కడా అంతే. మడతల బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి.

“ఎదురుగా చూస్తే సూపర్వైజరు గారు కనిపిస్తున్నారా?”

“కనిపిస్తున్నారు.”

“అటూ ఇటూ?”

మరదలు కాస్త ఆలోచించింది. “అటూ ఇటూ ఏముంటుంది వదినా?” అంది.

నల్లగా ఉందని ఆమె అనలేదు. మసకగా ఉందనీ అనలేదు. అక్కడేమీ లేదన్నట్టే చెప్పింది. ఏప్రన్లు విప్పకుండానే వదిన ఆమె చెయ్యి పట్టుకుని మూడో అంతస్తుకు తీసుకెళ్లింది. స్త్రీల డాక్టరు గది ముందు నర్సు ఆపింది.

“మీది గురువారం కదా. గురువారం రండి.”

“గురువారం వస్తే అయిపోతుందమ్మా. అంతకుముందే చూడాలి.”

“దేనికి?”

“కళ్లకి.”

“కళ్ల విభాగం కింద ఉంది.”

“కళ్లు కిందే ఉన్నాయి, మనిషిని కోసేది ఇక్కడ కదా. డాక్టరు గారికి ఒక్క ముక్క చెప్పి పోతాం,” అంది వదిన. గొంతు పెద్దది కావడం వల్ల ఆ మాట లోపలికి వినిపించింది. డాక్టరు రమ్మన్నారు.

వదిన జరిగింది చెప్పింది. పొట్టనొప్పితో పిల్ల పరధ్యానంగా ఉంటోందని కొస ఇచ్చేటప్పుడు చెయ్యి తట్టడం ఎప్పుడో మొదలుపెట్టానని, అది తనకే తెలియకుండా అలవాటైందని చెప్పింది. డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కుని మరదలికి ఎదురుగా కూర్చున్నారు.

“ఒక కన్ను మూసుకో. నా ముక్కునే చూడు. వేలు కనిపించగానే చెప్పు.”

డాక్టరు వేలు మరదలి తెరిచిన కంటివైపు చెవి పక్కనుంచి బయల్దేరింది. ఆడిస్తూ ముందుకు తెచ్చారు. మరదలు ఆమె ముక్కును చూస్తూ కూర్చుంది. వేలు ముఖం మధ్యకు వచ్చింది.

“ఇప్పుడు.”

రెండో కన్ను. ఈసారి వేలు రెండో చెవి పక్కనుంచి వచ్చింది. అదీ ముఖం మధ్యకు వచ్చాకే కనిపించింది. డాక్టరు రెండు కళ్లకూ మళ్లీ చేశారు. తర్వాత చెయ్యి దించారు.

“తలనొప్పి వస్తుందా?”

“లాండ్రీ వేడికి వస్తుంది.”

“సెలవు రోజున?”

మరదలు వదిన వంక చూసింది. “సెలవు రోజునా వస్తుంది,” అంది.

డాక్టరు ఫోన్ తీసి ల్యాబుకు చేశారు. ఆపరేషన్ కోసం తీసిన రక్తం మిగిలి ఉందా అని అడిగారు. ఉందన్నారు. చూడాల్సిన హార్మోన్ల పేర్లు చెప్పారు. తల లోపలి భాగాన్ని ఎమ్మారై తీయించడానికి బుధవారం సమయం అడిగి తీసుకున్నారు.

“గురువారం ఆపరేషన్ ఆపుతున్నాను. రద్దు చేయడం లేదు, ఆపుతున్నాను,” అన్నారు. “రెండేళ్లుగా పొట్ట వరకే చూస్తున్నాం. పైకి చూడాలి.”

ఆ సాయంత్రం తమ్ముడు గొడవపడ్డాడు.

“కంటికీ కడుపుకీ ఏం సంబంధం? భయమేసి సాకు వెతుక్కున్నారు మీ ఇద్దరూ. అక్కా, నువ్వైనా ఆలోచించాలి కదా. ఈలోపల అది క్యాన్సరైతే?”

“సాకు వెతికింది నేను కాదురా, డాక్టరమ్మే ఆపింది.”

“నువ్వెళ్లి చెప్పబట్టి ఆపింది. అది క్యాన్సరైతే?”

వదిన పైకి వెళ్లిపోయింది. ఆ రాత్రి వాళ్లింట్లో అన్నం మిగిలిపోయింది.

గురువారం ఆపరేషన్ జరగాల్సిన సమయానికి ముగ్గురూ హార్మోన్ల డాక్టరు గదిలో కూర్చున్నారు. స్త్రీల డాక్టరు కూడా వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డారు. తెర మీద మరదలి తల పక్కనుంచి కోసినట్టుగా కనిపిస్తోంది. ముక్కు, నాలుక, మెడ ఎముకలు గుర్తుపట్టవచ్చు. డాక్టరు పెన్సిలు మొనను ముక్కు పైభాగం వెనక, తల నడిమధ్య ఉంచారు.

“ఇక్కడ ఎముకలో చిన్న గుంట ఉంటుంది. అందులో ఉండే గ్రంథి పిట్యూటరీ. శనగగింజంత ఉంటుంది. అది అండాశయానికి ఒక హార్మోను పంపుతుంది. ఆ హార్మోను చెప్పేది ఒక్కటే, అండాన్ని పెంచమని. అండం పెరిగేకొద్దీ అండాశయం ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది. అది రక్తంలో కలిసి పైకి, ఈ గింజ దాకా వస్తుంది. పని జరుగుతోందని దీనికి తెలుస్తుంది. పంపడం తగ్గిస్తుంది. అందుకే నెలకు చాలా అండాలు మొదలైనా, మామూలుగా ఒక్కటే చివరిదాకా ఎదుగుతుంది.”

“ప్రతి నెలా?” అంది వదిన.

“ప్రతి నెలా.”

“నాకు కూడానా?”

“మీకూ ముప్పై ఏళ్లుగా జరుగుతూ ఉంటుంది.”

“నాకెవరూ చెప్పలేదు,” అంది వదిన. తన నుదుటి మధ్య వేలు పెట్టి చూసుకుంది. తర్వాత ఆ వేలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

డాక్టరు పెన్సిలు కదిలించారు. గింజ ఉండాల్సిన చోట తెల్లటి ముద్ద ఒకటి ఉంది. ద్రాక్షపండంత. గుంటలో పట్టక పైకి పొడుచుకొచ్చింది.

“ఇది ఆ గ్రంథిలోంచి పుట్టిన గడ్డ. ఇలాంటివాటిలో చాలావరకు క్యాన్సర్ కావు. ఇదీ ఆ హార్మోనునే తయారుచేస్తోంది. తేడా ఏమిటంటే ఇది ఆగదు. కింద నుంచి ఈస్ట్రోజన్ ఎంత వచ్చినా వినదు. ఈస్ట్రోజన్ అంత ఎక్కువున్నప్పుడు ఆ హార్మోను రక్తంలో అడుగంటిపోవాలి. మీకు అడుగంటలేదు. మామూలు కంటే ఎక్కువే ఉంది.”

“అయితే నా అండాశయంలో గడ్డ లేదా?”

“ఉందనుకోవడానికి ఇప్పుడు కారణం కనిపించడం లేదు. దానికి పెంచమని మాట వచ్చింది, పెంచింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పెంచింది. అండం ఎదిగేది నీటి బుడగలోనే. అవే ఆ బుడగలు.”

“మరి ఎడమది?” అంది మరదలు.

హార్మోన్ల డాక్టరు స్త్రీల డాక్టరు వంక చూశారు. ఆమె గోడ దగ్గర నుంచి ముందుకు వచ్చారు.

“అదీ ఇలాగే అయి ఉండవచ్చు. ఖాయంగా చెప్పలేను. తీసింది నేనే,” అన్నారు.

మరదలు తల ఊపింది. తమ్ముడు కుర్చీలో ముందుకు వంగి తెరనే చూస్తున్నాడు.

“పై అంతస్తులో మీట ఇరుక్కుపోయింది,” అన్నాడు.

“ఏమిటీ?”

“లిఫ్టు పిలిచే మీట సార్. ఇరుక్కుపోతే పిలుస్తూనే ఉంటుంది. లిఫ్టు వెళ్తూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు లిఫ్టు పాడైందంటారు. మోటారు విప్పినా లాభం ఉండదు.”

“అంతే. మేం ఒక మోటారు విప్పేశాం. రెండోదానికి మొన్నటిదాకా పానాలు పట్టుకుని ఉన్నాం,” అన్నారు హార్మోన్ల డాక్టరు.

“మరి కళ్లు?” అంది వదిన.

డాక్టరు కాగితం మీద రెండు గీతలు గీశారు. కంటికొకటి. అవి లోపలికి పోయి ఒకచోట ఒకదాన్నొకటి దాటుతున్నాయి. ఆ చోటు కింద ఆయన చిన్న సున్నా చుట్టారు.

“రెండు కళ్ల నరాలూ సరిగ్గా ఈ గ్రంథి పైనే కలుస్తాయి. పక్కల చూపును మోసే పోగులు అక్కడే అటువి ఇటు, ఇటువి అటు దాటుతాయి. గడ్డ కింద నుంచి వాటిని ఎత్తి నొక్కుతోంది.”

“అంటే కన్నూ, కడుపూ, రెండూ ఒకచోటి పనేనా?”

“ఒకచోటి పనే.”

“ద్రాక్షపండంత చోటు.”

“అంతే.”

వదిన తెర దగ్గరికి వెళ్లి నిలబడింది. ఏడేళ్లుగా పక్కనే ఉన్న తల అది. డాక్టరు ఆమెను కూర్చోమనలేదు.

మెదడు సర్జన్ను మర్నాడు కలిశారు. ఆయన మాటలు పొదుపుగా వాడే మనిషి. గడ్డను ముక్కులోంచి తీస్తామన్నారు.

“ముక్కులోంచా?” అంది వదిన.

“ముక్కు వెనక ఎముక పల్చగా ఉంటుంది. అది తెరిస్తే నేరుగా అక్కడికే.”

“నాకు జలుబెక్కువండీ,” అంది మరదలు.

“ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు ముక్కు చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి.”

“మా వదిన ఎప్పుడూ అలాగే తుమ్ముతుంది. వీధంతా వినిపిస్తుంది. నేర్పిస్తుందిలెండి.”

సర్జన్ నవ్వలేదు. ఒక విషయం చెప్పాల్సి ఉందన్నారు. అసలు గ్రంథి చచ్చిపోలేదు. గడ్డ దాన్ని ఒక పక్కకు ఒత్తేసింది. ఇప్పుడది పల్చటి పొరలా ఉంటుంది. గడ్డను తీసేటప్పుడు ఆ పొర దెబ్బతింటే చూపు దక్కవచ్చు, అండాశయం దక్కవచ్చు, కానీ అండాన్ని పెంచమని సొంతంగా మాట పంపేది ఉండదు. ఆ పొర ఎటువైపు ఉందో చిత్రంలో కనిపిస్తోందని, జాగ్రత్తపడతామని, మాట ఇవ్వలేనని చెప్పారు.

మరదలు రెండోసారి సంతకం చేసింది.

తర్వాతి వారం ఆపరేషన్ జరిగింది. మూడు గంటలు పట్టింది. సర్జన్ బయటికి వచ్చి తమ్ముడితో మాట్లాడారు. గడ్డ మెత్తగా ఉందని, తడి ఇసుకలా వచ్చేసిందని చెప్పారు. అది వచ్చేయగానే పైన మెదడును కప్పి ఉండే పొర కిందికి దిగిందని, దాని వెనక నాడి కొట్టుకోవడం కనిపించిందని చెప్పారు. గ్రంథి కుడి అంచున పసుపురంగు పట్టీలా ఉంది. దాన్ని ముట్టుకోలేదన్నారు.

“అది పనిచేస్తుందా సార్?” అని అడిగాడు తమ్ముడు.

“ఉంది. పనిచేస్తుందో లేదో అదే చెప్పాలి.”

మర్నాడు ఉదయం వదినను ఐసీయూలోకి పంపారు. మరదలు వెల్లకిలా పడుకుని పైకప్పును చూస్తోంది. ముక్కులో దూది కుక్కి ఉంది. వదిన మంచం పక్కన నిలబడింది. అలవాటు కొద్దీ మణికట్టు తట్టబోయింది. అక్కడ కట్టు ఉందని ఆగింది.

“బుగ్గ మీది నుంచి చెయ్యి తీయండి వదినా. వాపు ఎప్పుడో తగ్గింది,” అంది మరదలు. పైకప్పు మీది నుంచి చూపు కదల్లేదు.

వదిన చెయ్యి తీసింది. “నేను కనిపిస్తున్నానా?”

“మీరు, మీ వెనక కిటికీ, ఇటుపక్క నేల తుడిచే ఆవిడ. పొద్దుటి నుంచి గది వెడల్పవుతోంది.”

వదిన మూడు వేళ్లు చూపించింది. చెవికి బాగా వెనక పెట్టింది.

“అక్కడ పెడితే నాకే కాదు, ఎవరికీ కనపడవు. ముందుకు తెండి.”

వదిన కొద్దిగా ముందుకు తెచ్చింది.

“మూడు.”

వదిన కూర్చోవడానికి చుట్టూ చూసింది. కుర్చీ లేదు కనుక మంచం కమ్మీని పట్టుకుంది. నర్సు వచ్చి, పేషెంటు మీరా ఆవిడా అని అడిగింది.

ఆ హార్మోను రక్తంలో రెండు రోజుల్లో పడిపోయింది. ఈస్ట్రోజన్ దాని వెనకే పడిపోయింది. నెల తర్వాత స్త్రీల డాక్టరు స్కాను తీశారు. పదకొండు సెంటీమీటర్ల అండాశయం ఆరుకు తగ్గింది. ఆమె కొలత మళ్లీ తీసుకున్నారు. అదే వచ్చింది. హార్మోన్ల డాక్టరును పిలిచి తెర ఆయన వైపు తిప్పారు. ఇద్దరూ చాలాసేపు చూశారు. నెల రోజులుగా ఆ అండాశయానికి ఎవరూ మందు ఇవ్వలేదు. సూది పెట్టలేదు. ముట్టుకోలేదు. ఇక మాట రావడం లేదు కనుక బుడగలు వాటంతటవే ఇంకిపోతున్నాయి.

“నేను వీటిని రెండుసార్లు కోశాను, ఒకసారి నీరు తీశాను అని కేసు కాగితంలో రాయబోయాను. కోసింది ఒకసారే. రెండోది మనం ఆపాం,” అన్నారు స్త్రీల డాక్టరు.

మరదలు పనిలోకి వచ్చింది. ఏప్రన్ నాడా వెనక ముడి పడింది. కొన్ని నెలలుగా దాన్ని పిన్నుతో పెట్టుకునేది.

“ఏమ్మా, పద్దెనిమిదో నెల దాటిందా?” అంది రేడియో.

“దాటింది. నీ మాటలు విని భయపడి లోపలే కరిగిపోయింది.”

రెండో నెల గడిచింది. నెలసరి రాలేదు. మూడో నెలలోనూ రాలేదు. పొట్ట లేదు, తలనొప్పి లేదు. మరదలు దేనికీ తగలడం లేదు. ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తేవారు కాదు. తమ్ముడు ఒకసారి మాత్రం, పట్టీలా మిగిలిన గ్రంథి మళ్లీ గింజ కావడానికి ఎన్నాళ్లు పడుతుందో సర్జన్ను అడగనా అన్నాడు. సర్జన్ అప్పుడే చెప్పేశారని, మళ్లీ అడిగితే కొత్త జవాబు రాదని వదిన అంది.

మూడో నెల చివర స్త్రీల డాక్టరు మళ్లీ స్కానుకు పిలిచారు. గదిలో దీపం తీసేశారు. వదిన తలుపు దగ్గర నిలబడింది. తమ్ముడు బయట కూర్చున్నాడు. డాక్టరు తెర చూస్తున్నారు. ఒకచోట ఆగారు. కొలత తీసుకున్నారు. దాన్ని పెద్దది చేసి మళ్లీ తీసుకున్నారు.

“ఏముంది మేడమ్?” అంది మరదలు.

“అండాశయం మూడున్నర సెంటీమీటర్లు. మామూలే. ఇదిగో, ఈ అంచున అండం ఎదిగే బుడగ ఉంది. పద్దెనిమిది మిల్లీమీటర్లు.”

“అంటే గడ్డ మళ్లీ వచ్చిందా?”

“ఆగు.” డాక్టరు అండాశయాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా మళ్లీ చూశారు. ఆమె చెయ్యి నెమ్మదిగా కదిలింది. వదిన తలుపు దగ్గర నుంచి రెండడుగులు ముందుకు వచ్చింది. తెర మీద బూడిదరంగులో చిన్న నల్లటి సున్నా ఒకటి ఉంది. చుట్టుపక్కల ఏమీ లేదు.

“ఇంకా ఎన్నున్నాయి?” అంది మరదలు.

“ఏమీ లేవు. ఒక్కటే. మిగిలిన ఆ గింజే మాట పంపింది, సమయానికి ఆగింది.”

పదిహేను రోజుల తర్వాత, బుధవారం నాడు, ఆమెకు నెలసరి వచ్చింది.